వేడిగాలికి దారేది?

"గ్రాఫిక్స్ కార్డు రిఫరెన్స్‌దే కావాలా? ఎందుకండీ, డబ్బులేమైనా చెట్లకు కాస్తున్నాయా?"

కంప్యూటర్లు బిగించే ఆ కుర్రవాణ్ని వీధి వీధంతా చిటపట అనే పిలుస్తుంది. కాగిన నూనెలో ఆవాలు ఎలాగో, కొనడానికొచ్చిన మనిషి ముందు అతను అలాగ. మనసు మంచిదే. కాకపోతే ఆ మంచితనాన్ని కూడా ఎదుటివాళ్ల మొహాన కొట్టినట్టే ఇస్తాడు.

కౌంటర్‌కు అవతల నిలబడిన అమ్మాయి గొడుగు మూసింది. గొడుగు నీళ్లు అతని చెప్పుల మీద పడ్డాయి. పొరపాటున పడ్డట్టు లేవు.

"మీరు కార్డు అమ్ముతారా, పాఠం చెబుతారా?"

"రెండూను! చిప్పు ఒకటేనండీ. చిప్పు చేసిన కంపెనీ దానికి ఒక్క పంకా పెట్టి, పైన తన పేరు కొట్టి అమ్మితే అది రిఫరెన్స్. అదే చిప్పు ఇంకో కంపెనీ కొనుక్కుని మూడు పంకాలు పెట్టి అమ్మితే ఆఫ్టర్‌మార్కెట్. ఒక్క పంకా దానికి ఎక్కువ రేటు, మూడు పంకాల దానికి తక్కువ రేటు! ఇదెక్కడి న్యాయం?"

"నాకు న్యాయం వద్దండీ, కార్డు కావాలి. మా ఇంట్లో నాన్న చేసిన పెట్టెలో..."

"ఎవరింట్లోనైనా పంకా పంకానే!"

ఆ అమ్మాయి ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి లేచింది. కుడిది కదల్లేదు. మాట తెగిపోయిందన్న సంగతి కన్నా ఆ కనుబొమ్మే అతనికి ఎక్కువ గుర్తుండిపోయింది.

"నేను చెప్పిందే బిగించండి" అని చెప్పి వానలోకి వెళ్లిపోయింది.

అతనికి ఒళ్లు మండింది. ఎదురుగా అద్దాల షోరూమ్ ఉంది. లోపల దీపాల కింద రిఫరెన్స్ కార్డులను పెళ్లికూతుళ్లలా అలంకరించి కూర్చోబెడతారు. పేరుకు పెట్టే ఖర్చులో సగం పనికి పెట్టి ఉంటే ఈ లోకం ఎప్పుడో బాగుపడేది. ఆ పిల్ల కష్టార్జితం అక్కడ పోయనివ్వకూడదని పంతం పట్టాడు. మూడు పంకాల కార్డే బిగించాడు. బల్ల మీద, పైన తిరిగే పంకా కింద రోజంతా నడిపి చూశాడు. మిషన్ మంచుముక్కలా ఉంది. అతను ఏ మిషన్‌నైనా అలాగే పరీక్షిస్తాడు.

మిగిలిన డబ్బు కవర్లో పెట్టి ఇచ్చినప్పుడు ఆ అమ్మాయి దండం పెడుతుందనుకున్నాడు.

"అడక్కుండా మార్చేశారా?"

"మీ మంచికేనండీ."

"నా మంచిని మీకెవరు అప్పగించారు? తీరిక లేదు గానీ, ఉంటే ఇక్కడే నిలబడి తిట్టేదాన్ని. సోమవారం పొద్దున్నకల్లా బిల్డర్‌కి ఇంటి బొమ్మ ఇవ్వాలి. కట్టబోయే ఇల్లు, గది గదీ తిరిగి చూసినట్టు కనబడాలి. నా సొంతంగా దొరికిన మొదటి పని. ఇది పోయిందంటే మళ్లీ మా బావ ఆఫీసే గతి."

"బావ ఆఫీసైతే మంచిదేగా!"

"మంచిదే. నేను గీసిన ప్రతి ఇంటి కింద ఆయన పేరుంటుంది."

"అంటే చిప్పు మీది, పేరు ఆయనది. మరి మీరే పేరుకి డబ్బులిస్తానంటే ఎలాగండీ?"

నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. కనుబొమ్మ మాత్రం లేచింది. మిషన్ ఆటోలో పెట్టుకుని వెళ్లిపోయింది. అతను ఆ పూటంతా ఈల వేసుకుంటూ పనిచేశాడు. మేలు చేశాననుకునే మనిషి అంత ప్రమాదం ఇంకొకటి లేదు.

ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది.

"మీ మూడు పంకాల మహారాజు పడుకున్నాడండీ. బొమ్మ తయారుచేయమంటే చాలు, కాసేపు రొప్పి ఆరిపోతున్నాడు."

"మిషన్ పక్క మూత తెరిచి పెట్టండి, గాలాడుతుంది."

"తెరిస్తే రంపం పొట్టు పడుతుంది. మాది వడ్రంగి ఇల్లు. ఆ రోజు అదేగా చెప్పబోయింది!"

అతను స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని పరిగెత్తాడు.

ముందు గదిలో పని, వెనక గదిలో ఆ అమ్మాయి బల్ల. నడుమ గోడ ఉన్నా చెక్కపొట్టు గాలిలో తేలుతూనే ఉంది. బల్ల పక్కన, మిషన్‌ను లోపల పెట్టుకున్న నున్నటి చెక్కపెట్టె. ఎక్కడా మేకు కనబడదు. ముందు తలుపు అడుగున గాలి లోపలికి రావడానికి పలచటి గుడ్డ, వెనకవైపు కిటికీలోకి తెరుచుకునే సన్నటి చీలిక.

చెవి మీద పెన్సిల్ పెట్టుకున్న ఆమె తండ్రి చీలిక మీద వేలు పెట్టాడు.

"చల్లగాలి ఆ గుడ్డలోంచి రావాలి, వేడి ఇందులోంచి పోవాలి. అమ్మాయి చెప్పిన కార్డు ఊదేది సరిగ్గా ఇక్కడికేనట. కొలిచి కోశాను. నువ్వు పెట్టింది ఎక్కడికి ఊదుతోంది అబ్బాయ్?"

అతను లోపల చెయ్యి పెట్టి చురుక్కుమని తీసేశాడు. మూడు పంకాలూ వేడిని పెట్టెలోనే నలువైపులకీ చిమ్ముతున్నాయి. చిమ్మిన వేడినే మళ్లీ మింగుతున్నాయి. బల్ల మీద ఆరుబయట నడిపి చూసి మురిసిపోయాడే గానీ, ఈ మిషన్ ఎక్కడ కూర్చుంటుందని ఒక్కసారైనా అడగలేదు.

"పక్కన ఇంకో కన్నం కొడదామండీ..."

"నా పెట్టెకు కన్నమా?" తండ్రి చేతిలో ఉలి లేచింది. "తప్పు నువ్వు చేసి, శిక్ష నా చెక్కకా?"

ఆ అమ్మాయి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫోన్ తిప్పి చూపించిందంతే. బావ నుంచి మెసేజ్: 'కుర్చీ ఖాళీగానే ఉంది. వచ్చెయ్.'

అతనికి మళ్లీ ఒళ్లు మండింది. ఈసారి తన మీద తనకే.

వానలో తడుస్తూ అద్దాల షోరూమ్ మెట్లెక్కాడు. ఇన్నాళ్లూ దాని ముందు నుంచి వెళ్లేటప్పుడు మొహం తిప్పుకునేవాడు. టై కట్టుకున్న సేల్స్‌మన్ నోరు తెరిచాడు.

"ఏంటి చిటపటా, నువ్వు కూడా పేరుకి డబ్బులిస్తున్నావా?"

"పేరుకి కాదయ్యా, గాలికిస్తున్నా! ఇంత అట్టపెట్టె మీద ఇన్ని గొప్పలు రాసుకున్నారే, వేడి మొత్తం వెనక్కి ఊదుతుందన్న ముక్క పైకి కనబడేలా రాయడానికి ఏం రోగం? చోటు చాల్లేదా?"

"అదెవరు అడుగుతారు?"

అతను డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు. అడగాల్సినవాడు తనే.

కార్డు మారింది. మిషన్ రొద పెంచింది. ఒక్క పంకా కదా, గొంతు పెద్దది. అయినా ఆరిపోలేదు. తెర మీద ఇల్లు గది గదీ వెలుగులోకి వస్తోంది.

ఆ అమ్మాయి కిటికీలోకి చెయ్యి చాపింది. అవతల వాన. చీలికలోంచి గోరువెచ్చటి గాలి. నిజంగా వస్తోందా లేదా చూడాలని అతనూ చెయ్యి పెట్టాడు. చీలిక సన్నది, చేతులు రెండు. ఎవరూ ముందు తీయలేదు.

"అయితే ఆ రేటు న్యాయమేనంటారా?" అంది ఆమె.

"న్యాయమేంటండీ! ఆరుబయట బల్ల మీద పెట్టుకునేవాడికి పచ్చి దోపిడీ. ఎవరితోనైనా అంటా ఆ మాట. మీ పెట్టెలో మాత్రం..."

"మాత్రం?"

"ఇంతకు రెట్టింపు చెప్పినా కొనేవాణ్ని."

"అంత నచ్చిందా మా నాన్న పెట్టె?"

"పెట్టెకు కనుబొమ్మ లేవదు కదండీ."

ఆమె చటుక్కున చెయ్యి తీసేసి తెర వైపు తిరిగింది. తెర అద్దంలో ఆ కనుబొమ్మ కనబడుతూనే ఉంది.

సోమవారం బిల్డర్ ఆ ఇల్లంతా తిరిగి చూసి, ఇంకో ఇల్లు కూడా అప్పగించాడు. బొమ్మ కింద పేరు ఆమెదే. బావ కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

ఆ తర్వాత ఓ సాయంత్రం వడ్రంగి షాపుకొచ్చాడు. పలకరింపు లేదు. టేపు తీసి గోడ కొలవడం మొదలుపెట్టాడు. వెనకే గొడుగుతో కూతురు.

"ఏంటండీ ఇది, అడక్కుండా కొలుస్తున్నారు?"

"అడక్కుండా కార్డు మార్చినవాడివి, నువ్వా అడిగేది? రెండో బల్ల పడుతుందా లేదా అని చూస్తున్నా. అమ్మాయి ఇక నుంచి ఇక్కడే కూర్చుని గీస్తుందట. మా ఇంట్లో పొట్టు ఎక్కువట. పుట్టినప్పటి నుంచీ అడ్డం రాని పొట్టు ఈ వారమే ఎలా అడ్డమొచ్చిందో!"

"మరి నన్నెవరూ అడగలేదే!" అన్నాడతను, కోపంగానే.

"నేనడుగుతున్నా" అందామె. కనుబొమ్మ లేచింది. "మీకిష్టమేనా?"

జీవితంలో మొదటిసారి చిటపట వాదన మాని తలూపాడు. ఊపి, గోడ మీద పెన్సిల్ గీత పడుతుంటే చూసి కంగారుగా అన్నాడు:

"బల్లల వెనక కాస్త చోటు వదలండి మావయ్యగారూ!"

పెన్సిల్ ఆగింది. నోరు జారిందని అతనికప్పుడు తెలిసింది. గొడుగు వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

వడ్రంగి వెనక్కి తిరగలేదు. గీతను జానెడు ఇవతలికి జరిపి గీశాడు.

"వదలక చస్తానా? ఇద్దరికిద్దరూ మిరపకాయలే. వేడి పోయే దారి లేకపోతే కొంప అంటుకోదూ!"