ఆఖరున వచ్చినవాడి హక్కు

ఓన్ని పెల్కోనెన్ పైన్ చెట్టుకు ఆనుకుని కూర్చునే చనిపోయాడు. కాళ్ళకు మంచు మీద జారే స్కీలు అలాగే ఉన్నాయి. ఒళ్ళో థర్మాస్. దారిన పోయే ఇద్దరు స్కీయర్లు అతను కాఫీ తాగుతున్నాడనుకుని చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. మూడోవాడు దగ్గరకొచ్చి చూశాడు. కనురెప్పల మీద మంచు కరగడం లేదు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు ఉంది.

అది మంగళవారం. ఆ రాత్రే తుఫాను మొదలైంది. గురువారం మధ్యాహ్నానికి గాలి కాస్త తగ్గాక, సారిసెల్కా అడవి అంచున ఆగిన ఒక వ్యాన్ లోకి ఎల్యాస్ రౌతియోలా ఎక్కాడు. వయసు యాభై రెండు. పార్కు ఉద్యోగుల జాబితాలో అతని పని వుల్వరీన్లను, చిన్న ఎలుగుబంటిలా ఉండే మంచు అడవి జంతువులను, లెక్కపెట్టడం. భద్రతా విభాగం జాబితాలో అతని పేరు ఉండదు, నంబరు మాత్రమే ఉంటుంది.

చీఫ్ హిల్కా కాఫీ కప్పు అందించింది.

"ఓన్ని నీకు ఇరవయ్యేళ్ళ స్నేహితుడు. ఏడవాలనుంటే ఇప్పుడే ఏడు. తరవాత టైముండదు."

"రావట్లేదు చీఫ్."

నిజంగానే రావట్లేదు. ఉదయం శవాన్ని చూసి ఇంటికెళ్ళి, రై రొట్టె మీద వెన్న రాసుకుని రెండు ముక్కలు తిన్నాడు. మూడోది భార్య పెడితే అదీ తిన్నాడు. ప్రార్థన చేశాడు. మాటలన్నీ వరసగానే వచ్చాయి, వాటి వెనక మాత్రం ఏమీ లేదు.

"ఓన్ని జేబులో మెమరీ చిప్ ఉండాలి. లేదు," అంది హిల్కా. "అందులో ఏముందో నీకు తెలుసు."

తెలుసు. జోయా. సరిహద్దు అవతల వాతావరణ కేంద్రంలో పని చేస్తుంది. వాతావరణ సూచనల మధ్య సైనిక సమాచారం దాచి పంపుతుంది. ఆరేళ్ళ క్రితం ఆమెను ఒప్పించింది ఎల్యాసే. ఇప్పుడు ఆమెను, ఇద్దరు పిల్లలను బయటికి తీసుకురావడానికి కొత్త పాస్‌పోర్టులు తయారు చేస్తున్నారు. ఫొటోలు, అసలు పేరు, ఇంటి అడ్రసు అన్నీ ఆ చిప్ లో ఉన్నాయి.

"అది అవతలికి చేరితే?"

"రేపు తెల్లారేసరికి జోయా ఉండదు," అంది హిల్కా. "తుఫానులో ఎవరూ సరిహద్దు దాకా పోలేరు. అంటే మనవాడిని చంపినవాడు హన్హి కేబిన్ లోనే తలదాచుకుని ఉండాలి. అక్కణ్ణించి సరిహద్దు రెండు కిలోమీటర్లు. హెలికాప్టర్ రేపటిదాకా ఎగరదు. నీకు సాయంగా ఇంగేలా ఇంకో దారిన వస్తోంది."

"ఆ పర్వతారోహకురాలా? పత్రికల అట్టల మీద ఉంటుంది, ఆవిడేనా?"

"ఆవిడే. అట్టల మీద ఉండే మనిషిని ఎవరూ అనుమానించరు. కోడ్: ఈ ఏడాది వుల్వరీన్ పిల్లలెన్ని అని నువ్వడగాలి. అడవికి లెక్కలు రావు అని ఆవిడంటుంది."

ఎల్యాస్ స్కీలు తగిలించుకున్నాడు. నడుముకు మందు సూదులు పేల్చి జంతువులను మత్తులో పడేసే డార్ట్ పిస్టల్. వుల్వరీన్లకు రేడియో కాలర్ తగిలించేవాడి దగ్గర అది ఉంటే ఎవరూ ప్రశ్నించరు. మైనస్ ముప్పై ఒకటి. రెండు గంటలు నడిచేసరికి కాలివేళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. దారి పొడవునా జోయా పేరు చెప్పి ప్రార్థించాడు. మంచు మీద వుల్వరీన్ అడుగులు అడ్డంగా పోయాయి. అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు.

హన్హి కేబిన్ లో పడుకోవడానికి మూడే బల్లలు. మూడింటికీ అప్పటికే మనుషులున్నారు.

పొయ్యి దగ్గర సూప్ కలుపుతున్న ముసలాయన తలెత్తి చూశాడు. "రావయ్యా రా! తలుపెయ్యి ముందు. వేడంతా అడవిలోకి పోతోంది. నా పేరు ఉర్పో. నలభయ్యేళ్ళు పోస్టుమాన్‌గా చేశాను. నిన్న పొద్దున తుఫానులో తప్పిపోయి ఇక్కడ పడ్డాను. ఇంటిదానికి చెప్పకు, దారి తెలుసని గొప్పలు చెప్పి వచ్చాను."

రెండో బల్ల మీద నలభై ఏళ్ళ మనిషి పుస్తకం చదువుతున్నాడు. "మార్కుస్. ఔలులో టీచర్ని. మంగళవారం నుంచి ఇక్కడే ఇరుక్కుపోయాను." అతని మాటలో పరాయి యాస ఎక్కడా లేదు.

కిటికీ దగ్గర ఇంగేలా తడి జుట్టు ఆరబెట్టుకుంటోంది. వచ్చి గంటయిందట. ఫొటోల్లో కంటే అందంగా ఉంది.

"ఈ ఏడాది వుల్వరీన్ పిల్లలెన్ని?" అన్నాడు ఎల్యాస్, మంచు దులుపుకుంటూ.

"అడవికి లెక్కలు రావు," అంది ఆమె నవ్వి.

ఆ కేబిన్లకు తాళాలుండవు, అద్దె ఉండదు. ఒకటే నియమం ఉంది. దాన్ని గోడ మీద రాయాల్సిన అవసరం కూడా ఎవరికీ కనిపించలేదు. ఆఖరున వచ్చినవాడిదే చోటు. అతను అలసిపోయి ఉంటాడు, అతనికి చలి పట్టి ఉంటుంది. ముందొచ్చినవాడు అప్పటికే తిని, నిద్రపోయి, బట్టలు ఆరబెట్టుకుని ఉంటాడు కనుక అతనే లేచి బయట గుడారం వేసుకోవాలి. అక్కడి పిల్లలు నడక నేర్చుకునేటప్పుడే దీన్నీ నేర్చుకుంటారు.

ఇంగేలా చటుక్కున లేచింది. "నేను గుడారంలో పడుకుంటాను. నాకు మంచు అలవాటే." బ్యాగు భుజాన వేసుకుని, తలుపు పక్కనున్న స్కీలు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. అంతా నిమిషంలో అయిపోయింది.

ఉర్పో మార్కుస్ వైపు చూశాడు. మార్కుస్ పేజీ తిప్పాడు.

"ఏం బాబూ, నువ్వు లేవవా?"

"నేనెందుకు? అందరికంటే ముందొచ్చింది నేను. ఈ బల్ల నాది."

ఉర్పో చేతిలో గరిటె ఆగిపోయింది. "ముందొచ్చావు కాబట్టే కదయ్యా లేవాల్సింది! నీకు ఎవరూ చెప్పలేదా? ఏ ఊరన్నావు?"

"ఔలు."

"ఔలులో కుక్కకు కూడా తెలుసు ఆ సంగతి!"

తనెక్కడో తప్పు చేశానని మార్కుస్ కు అర్థమైంది. ఏ తప్పో మాత్రం అర్థం కాలేదు. అతని చెయ్యి మెల్లగా స్లీపింగ్ బ్యాగులోకి జారింది.

ఎల్యాస్ డార్ట్ పేల్చాడు. అది మార్కుస్ భుజంలో దిగింది. పదిహేను కిలోల జంతువుకు సరిపడే మందు అది, మనిషికి ఆవలింత మాత్రమే తెప్పించింది. మార్కుస్ తన పిస్టల్ బయటికి తీశాడు. ఉర్పో పొయ్యి మీది కాఫీ గిన్నె ఎత్తి అతని మీద గుమ్మరించాడు. అరుపు. ఎల్యాస్ ఇంకో రెండు డార్టులు పేల్చాడు. మార్కుస్ కూలబడి గురక మొదలుపెట్టాడు.

"అప్పుడే దించిన కాఫీ," అన్నాడు ఉర్పో బాధగా. "ఎవరయ్యా మీరంతా?"

"జంతువులను లెక్కపెట్టేవాణ్ణి." ఎల్యాస్ అప్పటికే మార్కుస్ బ్యాగు గుమ్మరిస్తున్నాడు. సూదుల డబ్బా. ఓన్ని చేతిగడియారం. చిప్ లేదు. బట్టల్లో లేదు, బూట్లలో లేదు, నోట్లోనూ లేదు.

"నాకు ఇంకోటి అర్థం కావట్లేదబ్బాయ్," అన్నాడు ఉర్పో. "ఆ పిల్లెందుకు వెళ్ళింది? నీకు ముందు ఆఖరున వచ్చింది ఆవిడే కదా. ఇతను లేవాలి, కాకపోతే నేను లేవాలి. ఆవిడకేం పని?"

ఎల్యాస్ తలుపు తెరిచాడు. గుడారం లేదు. తూర్పున సరిహద్దు వైపు తాజా స్కీ జాడ. చిప్ మార్కుస్ చేతి నుంచి ఆమె చేతికి ఎప్పుడో మారిపోయింది.

"ఇతన్ని కట్టెయ్యండి, పెద్దాయనా!"

"పోస్టాఫీసు ముడి వేస్తాను. విప్పిన మగాడు లేడు!"

టైము అయిదూ ముప్పై అయిదు. సూర్యుడు కొండల మీద ఎర్రగా వాలుతున్నాడు. ఎల్యాస్ పరిగెత్తాడు. పాదాలు చెక్కముక్కల్లా ఉన్నాయి. ఎక్కడ పడుతున్నాయో కళ్ళతో చూసి తెలుసుకోవాల్సి వస్తోంది. కోపం కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు.

సరిహద్దు ఒక వాగు. లోయలో నీళ్ళు దూకే చోట అది చలికాలంలోనూ గడ్డకట్టదు. ఒడ్డు మీద మంచు చూరులా ముందుకు పెరిగి వేలాడుతుంది. అక్కడ రెండు ఒడ్లకు మధ్య నలభై అడుగులే దూరం. అవతల తెల్ల దుస్తుల్లో ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఇవతల ఇంగేలా తన స్కీ కర్ర ఎత్తి గురి చూస్తోంది. బోలు కర్ర. లోపల స్ప్రింగు. దాని ముందు చిప్ ఉన్న గొట్టం. ఆమె వాగు దాటనక్కర్లేదు, మీట నొక్కితే చాలు.

"ఇంగేలా!"

ఆమె వెనక్కి చూసి, ఒక్క అడుగు ముందుకు జరిగింది. మంచు చూరు గురించి కొండలెక్కిన మనిషికి తెలియక కాదు. తొందర. అంతే. చూరు విరిగింది.

ఎల్యాస్ బోర్లా పడుకుని అంచుదాకా పాకాడు. రెండు మీటర్ల కింద ఇంగేలా మంచుగొడ్డలి ఒక చేత్తో పట్టుకుని వేలాడుతోంది. రెండో చేతిలో స్కీ కర్ర. కింద నల్లటి నీళ్ళు. అవతలివాడు లేచి నిలబడ్డాడు.

"దగ్గరకు వస్తే చిప్ నీళ్ళలో పారేస్తాను!" అని అరిచింది.

"పారెయ్. నేనొచ్చింది అందుకే."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. కర్రను అవతలి ఒడ్డుకు తిప్పింది. మీట మీద బొటనవేలు పెట్టింది. గొడ్డలి దిగిన మంచు పగుళ్ళిచ్చింది. ఎల్యాస్ తన స్కీ విప్పి కిందికి చాచాడు.

"పట్టుకో."

"కర్ర..."

"రెండు చేతులూ కావాలి. ఏది కావాలో నువ్వే చూసుకో."

అవతలివాడు తన భాషలో ఏదో అరిచాడు. బహుశా నొక్కమని. గొడ్డలి ఊడింది. ఇంగేలా కర్ర వదిలేసి రెండు చేతులతో స్కీని వాటేసుకుంది. కర్ర నీళ్ళలో పడిన చప్పుడు కూడా పెద్దగా రాలేదు. అవతలివాడు కాసేపు చూసి, మోకాళ్ళ మంచు దులుపుకుని చెట్లలోకి వెళ్ళిపోయాడు.

ఆమెను పైకి లాగి చేతులు కట్టేసేటప్పుడు ఎల్యాస్ తన టోపీ తీసి ఆమెకు పెట్టాడు. ఆమె పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"ఎందుకు తీశావు నన్ను?"

"చలిగా ఉంది, నడు."

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు అతని కాలివేళ్ళను గుచ్చి చూసింది. "నొప్పిగా ఉందా?"

"లేదు."

"వస్తుంది. వస్తే సంతోషించండి."

ఒక సంగతి మాత్రం ఎల్యాస్ కు అంతుపట్టలేదు. దారి పొడవునా జోయా కోసం ప్రార్థించాడు, ఆమె బతికింది. ఇంగేలా కోసం ఒక్క మాటా అనలేదు, ఆమె కూడా బతికింది. ఓన్ని కోసం అతని భార్య, నలుగురు పిల్లలు రోజూ మోకరించేవాళ్ళు. దేవుడు వినలేదని అనడానికి నోరు రాలేదు. విన్నాడని అనడానికీ రాలేదు. ఏమీ అడగకుండా దుప్పటి కింద చేతులు జోడించాడు.

హిల్కా ఒక కాగితం తెచ్చి మంచం మీద పెట్టింది. ఎప్పటి దారిలోనే, ఎప్పటి సమయానికే జోయా పంపిన సూచన. అంటే ఆమె క్షేమం. పిల్లలతో వచ్చే నెల బయలుదేరుతుంది. తన పేరు ఒక వాగు అంచుదాకా వెళ్ళి వచ్చిందని ఆమెకు ఎప్పటికీ తెలియదు.

కాగితంలో ఇలా ఉంది: రేపు చలి బాగా తగ్గుతుంది, ఎండ కాస్తుంది.

మర్నాడు మైనస్ ముప్పై ఆరు, రోజంతా మంచు. ఆరేళ్ళలో జోయా పంపిన సైనిక రహస్యం ఒక్కటీ తప్పలేదు. వాతావరణం ఒక్కసారీ నిజం కాలేదు.