మిద్దె మీద అతిథి

మీలాద్ శవం లిబియా ఎడారిలోని మా గదామెస్ ఊరి తూర్పు గోడ కింద దొరికింది. మెడ విరిగి ఉంది.

ట్రిపోలీలో గూఢచారి శాఖ చీఫ్ ఆ ఫోటోను బల్ల మీదుగా ఇవతలికి తోశాడు. ఏజెంట్ ఫరజ్ దాన్ని చూశాడు. చచ్చిపోయింది సొంత తమ్ముడు. ఫరజ్ టీ తాగడం ఆపలేదు. చక్కెర కాస్త ఎక్కువైందనుకున్నాడు, అంతే. ఏడుపు రాలేదు. కోపమైనా రాలేదు. పన్ను పీకే ముందు చిగురుకి సూది వేస్తారే, ఆ సూది ఎవరో మనసుకి వేసినట్టుంది.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. శుక్రవారం నమాజు కాగానే మా ఊరి పెద్ద షేక్ జబ్రీల్, ఎడారి తువారెగ్ తెగ పెద్దలతో కూర్చుని రాజీ చేసుకుంటాడు. రాజీ కుదిరితే సరిహద్దు దారిలో తుపాకులు నడిపే విదేశీ ముఠా మూటాముల్లె సర్దుకోవాల్సిందే. అందుకని షేక్‌ని లేపేయాలని ప్లాన్. ఆయన పోతే రెండు పక్షాలూ ఒకరి పీకలొకరు కోసుకుంటారు. మీలాద్ ఆ ముఠా వెనకే తిరుగుతూ చచ్చిపోయాడు. హంతకుడెవరో తెలీదు. అక్కడ మన మనిషి ఒకావిడ ఉంది. పేరు సిల్వానా, ఫోటోగ్రాఫర్ వేషం.

"టూరిస్టుగా వెళ్ళు. వెళ్ళగలవా?" అన్నాడు చీఫ్.

"వెళ్తాను సార్."

అలా వచ్చాడు మా ఊరికి. నల్ల కళ్ళద్దాలు, రంగేసిన మీసం, ట్యునీషియా యాస. చిన్నప్పుడు తమ్ముడితో పాటు అమ్మమ్మ దగ్గర ఇక్కడే పెరిగినవాడు. అయినా ఒక్కరూ పోల్చుకోలేదు. మాకు టూరిస్టులంతా ఒకేలా కనిపిస్తారు లెండి, ఎండకి వాడిపోయి. పాత ఊళ్ళో వీధులన్నిటికీ పైకప్పు ఉంటుంది. వెలుతురు కోసం అక్కడక్కడ గవాచి వదులుతారు. కింద చీకటి సందుల్లో మగాళ్ళం తిరుగుతాం. పైన మిద్దెల మీద ఆడవాళ్ళ రాజ్యం. నేల మీద కాలు పెట్టకుండానే ఊరంతా చుట్టబెట్టి, ఎవరింట్లో ఏం వండారో వాసన చూసి మరీ వస్తారు.

శుక్రవారం పొద్దున ఖర్జూర తోటలో సిల్వానా కలిసింది. మనిషి అందంగా ఉంది, ఆ సంగతి తనకీ తెలుసు. ఇక్కడ ఖర్జూరం తియ్యనా అని ఫరజ్ అడిగాడు. తీపే కానీ గింజ పెద్దదంది. కోడ్ సరిపోయింది.

ఆవిడ మా ఊరి మబ్రూకా ఇంట్లో అతిథిగా దిగిందట. మసీదు నుంచి చౌకుకి పోయే సందు సరిగ్గా ఆ ఇంటి కిందే ఉంటుంది. పై నుంచి తాను కెమెరాతో కాపలా కాస్తానంది. ఫరజ్‌ని మసీదు గుమ్మం చూసుకోమంది. ఆ తర్వాత గొంతు తగ్గించి మీలాద్ సంగతి ఎత్తింది.

"ఆ సాయంత్రం మబ్రూకా మిద్దె మీదే మాట్లాడుకున్నాం. వెళ్తూ వెళ్తూ తూర్పు గోడ అంచు చూసుకోలేదు, జారిపోయాడు. అంతా నా కళ్ళముందే. క్షమించు ఫరజ్."

ఫరజ్ తలూపాడు. మాట చెవిలో పడింది, మనసు దాకా పోలేదు.

మధ్యాహ్నం మసీదులో వరసలో నిలబడ్డాడు. నుదురు చాపకి ఆనించినప్పుడు, ఉన్నట్టుండి, అమ్మమ్మ చీపురు గుర్తొచ్చింది. మీసాలు రాకముందే మగపిల్లల్ని మిద్దె దింపేస్తారు మా ఊళ్ళో. ఫరజ్ ఒకసారి గాలిపటం కోసం దొంగతనంగా ఎక్కితే, ఆవిడ మెట్ల దాకా తరిమి తరిమి కొట్టింది. మళ్ళీ ఎక్కితే ఒట్టు. మీలాద్ అయితే ఇల్లు తగలబడినా ఎక్కడు.

మరి సిల్వానా అబద్ధం ఎందుకాడింది?

ఆవిడ మన మనిషి కాదు, ముఠా మనిషి. వాళ్ళు ఆవిడకి మా భాష నేర్పారు, మా మర్యాదలు నేర్పారు, తుపాకీ నేర్పారు. ఇదొక్కటి నేర్పలేదు. నేర్పాల్సిన సంగతని వాళ్ళకే తెలిసుండదు. హంతకుణ్ణి ఊరంతా వెతికారు కానీ మిద్దెల మీద ఎవరూ వెతకలేదు. అక్కడికి ఏ మగాడూ పోడు. ఆడది మాత్రం దర్జాగా పోవచ్చు. కెమెరా స్టాండు భుజాన వేసుకుని మరీ పోవచ్చు.

నమాజు ముగిసి తల తిప్పి చూస్తే ముందు వరసలో షేక్ లేడు. ఆయన అప్పటికే బయటికి నడిచాడు.

ఫరజ్ చెప్పులు వదిలేసి పరిగెత్తాడు. సందులో జనం, చీకటి. ముందెక్కడో షేక్ తెల్ల తలపాగా మబ్రూకా గవాచి వైపు పోతోంది. ఆ కంతలో నల్లటి గొట్టమేదో కదిలింది. స్టాండు కాలులా దాచి తెచ్చిన తుపాకీ. పైకి కాలిస్తే ఏ ఇల్లాలికి తగులుతుందో. మెట్లెక్కే టైము లేదు. మిగిలింది ఒక్కటే దారి. అది చచ్చిన తమ్ముడి పరువు తీసే దారి.

"మబ్రూకా పిన్నీ! మా మీలాద్‌ని నీ మిద్దె మీదే కలిశానంటోంది నీ అతిథి. నువ్వే ఎక్కించావా వాణ్ణి?"

నమాజు చేసొచ్చిన పెద్దమనుషులు నోళ్ళు తెరిచారు. పైన ధబధబ అడుగులు, గాజుల చప్పుడు, ఎవరిదో కేక. గుండు పేలింది. షేక్ పక్కన గోడ పెచ్చు లేచింది. ఆయన తలపాగా దులుపుకుని, పైన ఏం గొడవ అని విసుక్కున్నాడు.

రైఫిల్ గవాచిలోంచి కిందపడింది. దాని వెనకే మబ్రూకా మొహం, మేలిముసుగు జారిపోయి.

"పట్టుకున్నాం నాయనా. దాని మీద నలుగురు కూర్చున్నారు. ఇంతకీ ఎవరివి నువ్వు?"

"మీలాద్ అన్నని, పిన్నీ. వాడి గురించి అలా అరిచినందుకు..."

"నమ్మామనుకున్నావా?" అంది మబ్రూకా. "గవాచి కింద నిలబడితే తల ఎత్తడానికే సిగ్గుపడేవాడు ఆ పిల్లాడు. వాడి మీద అబద్ధమాడిందని పట్టుకున్నాం. తుపాకీ ఉన్న సంగతి తర్వాత చూశాం."

ఫరజ్ గోడకి ఆనుకుని అక్కడే కూలబడ్డాడు. ఫోటో చూసిననాటి నుంచి లోపల గడ్డకట్టుకుపోయిందంతా ఒక్కసారి కదిలింది. సందులో పోయేవాళ్ళందరి ముందూ, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. షేక్ వచ్చి పక్కన కాసేపు కూర్చుని, తర్వాత రాజీకి వెళ్ళిపోయాడు.

రాజీ కుదిరింది. సాయంత్రం చేతిగడియారంలోంచి చీఫ్ గొంతు గరగరలాడింది. ఖైదీని విమానం ఎక్కించారా లేదా అని మండిపడ్డాడు.

"ఇంకా లేదు సార్. చేతులు కట్టేసి, కుస్కుసు ముద్దలు చేసి మబ్రూకా పిన్నే తినిపిస్తోంది. ఇంటికొచ్చిన అతిథిని ఆకలితో పంపితే వాళ్ళకి తలవంపులట. మళ్ళీ వడ్డిస్తున్నారు."