రెండో స్కాన్‌కి ముందురోజు

"నోరు మూసుకుని పడుకోండి!"

స్కాన్ తీసే అనీసా నాతో అన్న మొదటి మాట ఇదే. నాలుగు నెలల క్రితం, కేన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడుందో చూసే పెట్ సీటీ స్కాన్ రోజున. మందు ఎక్కించాక గంటసేపు కదలకూడదట, మాట్లాడకూడదట. మిర్చి యార్డులో పొద్దస్తమానం అరిచి బతికేవాణ్ణి, నన్ను పట్టుకుని!

"మాట్లాడితే ఏమవుద్దండీ?"

"ఈ మందు చక్కెర లాంటిది షబ్బీర్ గారూ. కేన్సర్ గడ్డా లాక్కుంటుంది, పనిచేసే కండా లాక్కుంటుంది. రెండూ తెరమీద వెలుగుతాయి. ఏది ఏదో మేమెట్లా చెప్పాలి?"

అబ్బ, ఎంత కోపమో! ఆ కోపం చూడటానికే కీమోకి వచ్చినప్పుడల్లా స్కాన్ గది మీదుగా వెళ్ళేవాణ్ణి.

"దారి ఇటు కాదు."

"తెలుసండీ."

నవ్వేది.

ఇవాళ రెండో స్కాన్. మెడలో గడ్డ కరిగిందో లేదో తేలిపోతుంది. కరిగితే పెళ్ళి మాట ఎత్తాలి. లేకపోతే మళ్ళీ ఆమె కంట పడకూడదు. అంతే.

మొదటిసారి ఎంతసేపు పస్తు ఉంచిందో ఇవాళా అంతే. అంతే మందు, అవే అరవై నిమిషాలు. మెషీన్ ఖాళీగా ఉందిగా, పది నిమిషాలు ముందే తీసెయ్యమంటే ఒప్పుకోలేదు.

"రెండూ ఒకేలా తీస్తేనే పోల్చగలం."

స్కాన్ అయ్యి చొక్కా వేసుకుంటుంటే తలుపు కొట్టింది. "మళ్ళీ పడుకోండి. మెడ దగ్గర ఇంకోసారి తియ్యాలి."

ఆమె మొహంలో నెత్తుటి చుక్క లేదు. అయిపోయింది, గడ్డ కరగలేదు అనుకున్నాను. అమ్మకి ఏమని చెప్పను?

రేడియేషన్ తగులుతుందని మందు ఎక్కినవాళ్ళకి దూరంగా ఉండాల్సిన మనిషి, స్కాన్ కాగానే దగ్గరికొచ్చి నిలబడింది.

"నిన్న ఏం చేశారు?"

"ఏం చెయ్యలేదండీ."

"నిజం చెప్పండి!"

"టిక్కీలు మోశాను. మిరపకాయల బస్తాలు. హమాలీ బుల్లయ్య వద్దన్నా వినలేదు."

"బరువులెత్తొద్దని కాగితం మీద రాసిచ్చానా లేదా? ఎందుకు మోశారు?"

"పెళ్ళి మాట ఎత్తబోయేవాడు బస్తా ఎత్తలేకపోతే ఎట్లాగండీ? చూసుకుందామని..."

"తెరమీద మెడా భుజాలూ వెలిగిపోతుంటే నా ప్రాణం పోయింది, తెలుసా?" ఏడ్చేసింది.

డాక్టరు చూశారు. "సీటీలో గడ్డ కనిపించట్లేదు. ఈ వెలుగు కండలదే కావచ్చు. దాని చాటున ఇంకేమైనా ఉందేమో ఇప్పుడు చెప్పలేను. వారం విశ్రాంతి తీసుకుని రండి, మళ్ళీ తీద్దాం."

కావచ్చట! వారం రోజులు ఆ ఒక్క మాటతో ఎట్లా బతకాలి?

బయట వరండాలో అనీసా ఎదురొచ్చింది.

"రిపోర్టు బాగుంటే మీ నాన్నగారిని కలుద్దామనుకున్నానండీ," అన్నాను.

"బాగాలేకపోతే?"

"మళ్ళీ మీ కంట పడకూడదనుకున్నానండీ."

"రిపోర్టు చూసుకుని అడిగేవాడు నాకొద్దు."

నిలబడి కళ్ళలోకి సూటిగా చూసింది. ఆమెకీ నా అంత భయంగానే ఉంది.

"అయితే ఇవాళ సాయంత్రమే వస్తానండీ."

"ఐదింటికి నాన్న ఇంట్లో ఉంటారు. రండి."

భయం తగ్గలేదు. కానీ ఈ వారం ఒక్కణ్ణే భయపడక్కర్లేదు.