హూషంగ్ పేరున హల్వా

ఏడాదిలో ఆఖరి గురువారం. కాషాన్‌లో ఆ సాయంత్రం ఏ ఇంటి ముందు నిలబడినా నూనెలో పిండి వేగుతున్న వాసనే. పోయినవాళ్ళు ఆ వాసన పట్టుకుని ఇంటికొస్తారట. వచ్చినవాళ్ళని పేరుపేరునా పిలుస్తూ హల్వా కలపాలి.

తూబా అత్త వంటింట్లో రాగి మూకుడు ముందు కూర్చుని ఆ పనిలోనే ఉంది. ఎనభై దాటినా గరిట పట్టు సడలలేదు, నోరు అసలే సడలలేదు. పక్కన మేనకోడలు గోల్నార్ రేకుపెట్టె తెరిచి పాత ఉత్తరాలు సర్దుతోంది. అత్తకి జ్ఞాపకం ఉండగానే ఇంటి కథంతా పుస్తకంగా రాయాలని ఆమె పట్టుదల. అత్త తర్వాత చెప్పేవాళ్ళు లేరు.

"మీ తాతని పిలిచాను, నానమ్మని పిలిచాను, మీ నాన్న కూడా అయ్యాడు. ఇక పాకం పోద్దాం."

"హూషంగ్ పెదనాన్నో?"

"మా అన్నయ్య దేశం దాటి బాకూలో ఉన్నాడు. బతికున్నవాడి పేరున హల్వా ఏమిటే, నీ నోట్లో మన్ను!"

"బతికుంటే తొంభై దాటాలి అత్తా. నానమ్మ పోయాక ఒక్క ఉత్తరమూ లేదు. పుస్తకంలో ఏం రాయను? ఈ ఆఖరి ఉత్తరంలో రాసినట్టు ఇంకా బాకూలో చలికోటు బేరమాడుతున్నాడనా?"

అత్త పాకం గిన్నె కోసం అటు తిరిగింది. గోల్నార్ గరిట అందుకుని ఒక్క తిప్పు తిప్పింది. "హూషంగ్ పెదనాన్నకి."

అత్త ఆమె చెంప ఛెళ్ళుమనిపించింది.

అప్పుడే నేల కింద... టక్.

వంటింటి కింద పాత నీళ్ళ నేలమాళిగ ఉంది. ఎండిపోయి ఏళ్ళయింది. మూలనున్న దాని చెక్క తలుపు సందుల్లోంచి తడి రాతి వాసన వచ్చింది. వెనకే పచ్చి నెత్తురు వాసన. హల్వా వాసన అందులో మునిగిపోయింది.

అత్త మొహం పాలిపోయింది. "ఎంత పని చేశావే..." అంది గుసగుసగా. "అన్నయ్య ఊరు దాటలేదు, ఈ నేలమాళిగలోనే ఉన్నాడు. ఆస్తి పంచమన్నాడు. నాన్న పార ఎత్తాడు. తల రెండు చెక్కలైంది. దీపం పట్టుకుంది నేనే."

"మరి ఈ ఉత్తరాలు?"

"నాన్న చెప్పాడు, నేను రాశాను. అమ్మకి చదువు రాదుగా. నేనే చదివి వినిపించేదాన్ని. కాగితాన్ని ముద్దుపెట్టుకుని ఏడ్చేది పిచ్చితల్లి..."

టక్. టక్.

తలుపు పగిలింది. మట్టి కొట్టుకున్న చెయ్యి ఒకటి అత్త చీలమండ పట్టుకుంది. గోల్నార్ అత్త చేతులు పట్టుకుని లాగింది. కింద నుంచి ఒక్క గుంజు... గోల్నార్ మోచెయ్యి గడపకి తగిలి పటుక్కుమంది. పట్టు జారింది. అత్త తల ప్రతి మెట్టుకీ కొట్టుకుంటూ పోయింది. కొన్ని మెట్ల దాకా కేకలు వినిపించాయి. తర్వాత తల చప్పుడు ఒక్కటే.

పోలీసులు నేలమాళిగ అంతా తవ్వారు. అత్తా లేదు, పెదనాన్న ఎముక ముక్కా లేదు. మెట్ల మీద నెత్తురు కూడా లేదు.

ఇన్నేళ్ళూ పేరున హల్వా లేక పెదనాన్నకి జరిగిన అన్యాయం అత్తకి జరగకూడదని, పోయినవాళ్ళని తలుచుకునే నలభయ్యో రోజున గోల్నార్ మూకుడు పొయ్యి మీద పెట్టింది. కట్టు కట్టిన చేతిని ఒడిలో పెట్టుకుని, రెండో చేత్తో గరిట తిప్పుతూ "తూబా అత్తకి" అంది. ఆ అత్తంటే ఆమెకి ప్రాణం.

వీధి తలుపు కిందనుంచి ఒక కవరు లోపలికి జారింది. వెళ్ళి చూస్తే బయట ఎవరూ లేరు. స్టాంపూ లేదు. లోపల అత్త చేతిరాత.

"ఇక్కడ మేమిద్దరం క్షేమం. నా గురించి బెంగ పెట్టుకోకు. నా పేరున హల్వా మాత్రం చెయ్యకు తల్లీ. పిలిస్తే రాక తప్పదు."

గోల్నార్ గబగబా వంటింట్లోకి వచ్చి పొయ్యి ఆర్పేసింది.

నేల కింద... టక్.