సుంకమ్మ చెప్పిన జవాబులు

శనివారం పొద్దున సుంకమ్మ ఉగ్గానికి బొరుగులు తడిపి, నీళ్ళు పిండి పక్కన పెట్టిందో లేదో, వాకిట్లో స్కూటీ ఆగిన చప్పుడైంది. తొంగి చూడకుండానే తెలిసిపోయింది. ఆ మేడమే. ఇది మూడోసారి.

లహరి అనంతపురం యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. పిల్లలకు అంత కోపం ఎందుకొస్తుంది, ఎందుకు కొట్టుకుంటారు అన్నది ఆమె చదువు. పామిడి చుట్టుపక్కల బడుల్లో తిరుగుతూ, ఇళ్ళకు కూడా వచ్చి ప్రశ్నలడిగి రాసుకుంటోంది. ఇదంతా హెడ్మాస్టరు చెప్పిన మాట. సుంకమ్మ నమ్మింది అందులో పావు వంతే. ఊరినిండా పిల్లలు కొట్టుకుంటుంటే ఆ స్కూటీ తన వాకిట్లోనే మాటిమాటికీ ఎందుకు ఆగాలి?

కారణం లేకపోలేదు. పది రోజుల కిందట, మూడో తరగతి చదివే సుంకమ్మ మనవరాలు జాయ్ మధ్యాహ్నం అన్నాల వరుసలో గోవిందప్ప మనవరాలిని స్టీలు పళ్ళెంతో కొట్టింది. ఆ పిల్ల ఇంకెవరినో తోసి ఏడిపించిందట, అందుకని. నుదురు చిట్లి మూడు కుట్లు పడ్డాయి. సుంకమ్మ వెంటనే గోవిందప్ప ఇంటికి పోయి కాళ్ళావేళ్ళా పడి వచ్చింది గానీ, పిల్లను తన దగ్గర వదిలి బెంగళూరులో పనిచేసుకునే కొడుకు జాకబ్‌కూ కోడలు సలోమికీ మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. పాపను మా దగ్గరికి తెచ్చుకుంటామని కోడలు ఇప్పటికే మూడుసార్లు అంది. మొగుడు యేసన్న పోయినాక ఆ ఇంట్లో సుంకమ్మను పలకరించే నోరు ఆ పిల్లదొక్కటే.

"బాగుండారా అవ్వా?" అంటూ లహరి అరుగు మీద కూర్చుంది.

"బాగుండక యాడికి పోతాం. ఇంగా ఎన్ని ప్రశ్నలుండాయమ్మా నీకాడ?"

"పదిహేడే. ఈ పొద్దుతో అయిపోతాయి."

స్కూటీ చప్పుడు వినగానే సుంకమ్మ జాయ్‌ని వెనకింటి ఓబులమ్మ దగ్గరికి తోలేసింది. ఇప్పుడు విత్తనానికి పెట్టిన సెనక్కాయల చేట ముందుకు లాక్కుని ఒలవడం మొదలుపెట్టింది. చేతులకు పనుంటే తల ఎత్తాల్సిన పని ఉండదు.

"పాపకు కోపమొస్తే వస్తువులు ఇసిరేస్తాదా?"

"ల్యా."

"తోటి పిల్లల్ని కొడతాదా?"

"ల్యా."

"అవ్వా, బడిలో మొన్న..."

"నువ్వడిగినావు, నేను చెప్పినా. ల్యా అని రాసుకో."

లహరి రాసుకుంది. "ఇంట్లో పాపను ఎవురన్నా కొడతారా?"

"నా చెయ్యి ఇరిగిపోనీ! పుట్టినప్పట్నుంచి ఒక్క దెబ్బ పడల్యా ఆ బిడ్డ మీద." ఇది మాత్రం నిజం.

"నమ్ముతా అవ్వా. సరే, పాప కిందపడి ఏడ్చిందనుకో. ఎట్ల ఊరుకోబెడతారు?"

సుంకమ్మ చేతులు ఆగాయి. ఎక్కడో మెలిక ఉంది ఇందులో. "అందరూ ఎట్లనో మేమూ అట్లే. ఏం, మీ అవ్వ నిన్ను ఊరుకోబెట్టల్యా?"

లహరి నవ్వి, ఆ ఒక్కదానికి మాత్రం రెండు వరుసలు రాసింది. 'అట్లే' అన్న మాటకు రెండు వరుసలా? సుంకమ్మ కళ్ళు చిన్నవయ్యాయి.

అంతలో అరుగు మీద ఉన్న లహరి ఫోను మోగింది. దాని మీద వెలిగిన ఫోటోలో సలోమి, చంకలో ఏడాది పిల్లప్పటి జాయ్. "మళ్ళీ చేస్తానక్కా" అని లహరి పెట్టేసింది.

సుంకమ్మ ఏమీ అడగలేదు. అడిగితే తనకు తెలిసిపోయిందని వాళ్ళకు తెలిసిపోతుంది. స్కూటీ సందు మలుపు తిరిగేదాకా నవ్వు మొహంతోనే చూసి, ఇంట్లోకి వచ్చి గోడకానుకుని కూర్చుంది. అక్కా అంట! ఈమెను తోలింది కోడలే. ముసలిదానికి పిల్లను పెంచడం చేతకాదని పెద్ద చదువు చదివినవాళ్ళ చేత కాగితం రాయించి, దాన్ని జాకబ్ ముందు పెట్టి, పిల్లను లాక్కుపోయే ఎత్తు. ఇంకేముంది!

ఆ సాయంత్రం జాయ్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఎవురడిగినా ఏం చెప్తావు?"

"ఎవుర్నీ కొట్టల్యా అని."

"యాడుంటావు?"

"అవ్వకాడ."

"మా అమ్మే," అని నోట్లో బెల్లం ముక్క పెట్టింది.

ఆదివారం ఎనిమిది గంటలకల్లా కొడుకూ కోడలూ చెప్పాపెట్టకుండా ఆటో దిగారు. సుంకమ్మ వాళ్ళ మొహాలకన్నా ముందు సలోమి చేతిలోని పెద్ద సంచిని చూసింది. జాయ్ అమ్మ మెడకు వేలాడి, ముద్దులు పెట్టించుకుని, తెచ్చిన బిస్కెట్లు పట్టుకుని లోపలికి పోయింది.

"ఏమ్మే, పెద్ద సంచే తెచ్చినావే. పిల్ల బట్టలన్నీ పడతాయిలే."

"నీళ్ళన్నా ఇచ్చి తిట్టత్తా."

"గమ్మునుండమ్మా రోంత," అన్నాడు జాకబ్.

"నేనేంటికి గమ్మునుండాల? మేడమ్‌ను నా మీదికి తోలింది నీ పెండ్లాం! ఫోన్లో ఫోటో ఈ కండ్లతోనే చూసినా."

సలోమి సంచి కింద పెట్టింది. "నేను తోలల్యా. పిల్లను గురించి రాసుకోవాలంటే అమ్మానాయన ఒప్పుకోవాలంట. అందుకని ఆమే నాకు ఫోన్ చేసింది. నా బిడ్డ ఇంగొకరి తల పగలగొట్టిందని నాకు అప్పుడు తెలిసిందత్తా! పది దినాలు! కన్నదాన్ని, నాకు చెప్పేకి నోరు రాల్యా నీకు?"

"చెప్తే లాక్కుపోతావని."

"నా బిడ్డను నేను లాక్కుపోయేదేందత్తా?"

ఆ మాటకు సుంకమ్మ గడప పక్కన కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

లోపలినుంచి జాయ్ వచ్చింది. చేతిలో సంగటి కెలికే కట్టె. ఎవరూ ఆపేలోపే దాన్ని రెండు చేతులతో ఎత్తి అమ్మ మణికట్టు మీద కొట్టింది. "యమ్మా!" అంటూ సలోమి చెయ్యి పట్టుకుని వంగిపోయింది. జాయ్ ఆ వైపు మళ్ళీ చూడలేదు. అవ్వ దగ్గరికి వచ్చి, చిన్న అరచేత్తో ఆమె కళ్ళు తుడిచింది.

"కొట్టినాలే అవ్వా. ఇంగ ఏడవొద్దు. ఇంగ నీ జోలికి రాదులే."

సుంకమ్మ ఏడుపు టక్కున ఆగిపోయింది. మాట తనది. ఆ గొంతులోని లాలింపు కూడా తనదే. పిల్ల నడక నేర్చిన నాటినుంచి, గడప తగిలి పడితే తాను గడపను చేత్తో నాలుగు బాదేది. మేకపిల్ల తోస్తే మేకపిల్లను చరిచేది. బండ తగిలితే చెప్పు తీసుకుని బండను కొట్టేది. "కొట్టినాలే, ఇంగ నీ జోలికి రాదులే." ఊళ్ళో ఏ అవ్వయినా చేసేదే. పిల్ల వెంటనే ఏడుపు మాని నవ్వేది. ఎంత బిరీన ఊరుకుంటుందోనని సుంకమ్మ నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేది కూడా.

జాకబ్ చెయ్యెత్తాడు. సుంకమ్మ లేచి ఆ చేతిని రెండు చేతులా పట్టేసుకుంది.

"దాన్ని కొట్టొద్దురా. నేర్పింది నేను."

"నువ్వా?"

"దీనికి దెబ్బ తగిలినప్పుడల్లా దేన్నో ఒకదాన్ని కొట్టి చూపిచ్చినా. ఏడుపు ఆగితే చాలనుకున్యా. ఏడుపు ఆగాలంటే ఎవుర్నో ఒకర్ని కొట్టాల అని నేర్చుకున్యాది బిడ్డ. ఎట్ల ఊరుకోబెడతావని ఆయమ్మ నన్ను అడిగిందప్పా. అడిగితే గూడా నాకు తెలీల్యా." ఆమె కోడలి వైపు తిరిగింది. "సలోమీ, ఆయమ్మకు ఫోన్ చెయ్యి. అన్నీ అబద్ధాలే చెప్పినా, కొట్టేసి మళ్ళీ రాసుకోమను. బిడ్డను పిల్చుకపోండి. నాకాడ ఉండొద్దు."

సలోమి బాగున్న చేత్తో సంచి జిప్పు లాగింది. లోపల నాలుగు చీరలు, ఒక నైటీ, దువ్వెన.

"ఇవి నావి. వారం ఉండేకొచ్చినా. ఇంట్లోవాళ్ళందరితో మాట్లాడాల అన్నింది మేడమ్. మా అవ్వ గూడా నీమాదిరే బండల్ని కొట్టేదత్తా. తర్వాతి సంగతి అందరం కూర్చుని మాట్లాడుకుందాం. నాకాడ ఏదీ దాయొద్దు, అంతే."

సుంకమ్మకు మళ్ళీ కళ్ళు పొంగాయి. జాయ్ ఉలిక్కిపడి అమ్మను చూసింది, నాయనను చూసింది.

"ఎవురవ్వా? ఎవురు ఏడిపిచ్చినారు?"

"ఎవురూ కాదు బిడ్డా."

"మరి ఏంటికేడుస్తాండావు?"

"ఊరికే వచ్చింది. రోంతసేపు ఏడిస్తే అదే పోతాది."

అట్లాంటి ఏడుపు ఒకటి ఉంటుందని జాయ్‌కి తెలియదు. అమ్మ వైపు తిరిగింది. అప్పుడు కనబడింది, ఉబ్బుతున్న అమ్మ మణికట్టు.

"నొప్పామ్మా?"

ఏం కాలేదులే అన్న మాట సుంకమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఊఁ. శానా నొప్పి," అంది సలోమి.

జాయ్ అటూ ఇటూ చూసింది. కొట్టడానికి ఎవరూ దొరకలేదు. కింది పెదవి వణికింది. వెళ్ళి అమ్మ ఒళ్ళో మొహం దాచుకుని భోరుమంది.

సుంకమ్మ పక్కన కూర్చుని పిల్ల వీపు మీద చెయ్యి వేసింది. ఊరుకో అనలేదు.