ఖిద్ర్ దీపాలు ఏరినవాడు

నీళ్లను కాచే పీరు ఖిద్ర్ పండగ సాయంత్రం బాగ్దాద్‌లో టైగ్రిస్ నది పెళ్లికూతురిలా ఉంటుందంటారు. పడవేసుకుని దగ్గరికి వెళ్తే, ఆ పెళ్లికూతురు స్నానం చేసి ఏళ్లయిందని తెలుస్తుంది. మురుగు కంపు, నీళ్ల మీద నూనె తెట్టు, ఆ తెట్టు మీద తేలుతూ వందల కొవ్వొత్తులు.

నదిని బాగుచేసే కుర్రాళ్ల జట్టులో తైసీర్ ఒకడు. చేతిలో వల, నోట్లో ఎగతాళి, రెండూ ఖాళీగా ఉండేవి కావు. పడవ ముసలి హజ్జీ మిజ్బాన్‌ది. వెనకటి రోజుల్లో మొక్కుకున్నవాళ్లు ఖర్జూరపు మట్ట మీద కొవ్వొత్తి నిలబెట్టి వదిలేవాళ్లు. ఇప్పుడన్నీ థర్మోకోల్ పళ్లాలే. అవి పోయి పోయి మంచినీళ్ల పంపు నోటికి అడ్డం పడతాయి. పేటలో కుళాయిలకు ఏ నీళ్లు వస్తున్నాయో దేవుడికెరుక. అవి తాగే తైసీర్ చెల్లెలు ఘైదా ఆసుపత్రిలో కళ్లు తెరవకుండా పడుంది.

వాళ్లమ్మ మాత్రం పాత పద్ధతిలో మట్ట మీదే దీపం పెట్టి, ఘైదా పచ్చ జడ రిబ్బను దానికి చుట్టి వదిలింది. అది ఆరకుండా వంతెన దాటితే పిల్ల లేచి కూర్చుంటుందని ఆమె నమ్మకం. ఒడ్డునే నిలబడి చూస్తోంది.

ఆరినవాటినే ఏరమని హజ్జీ ముందే చెప్పాడు. వెలిగేది ఇంకా ఖిద్ర్ సొత్తట.

తైసీర్ నవ్వాడు. "చీకటి పడ్డాక పంపు దగ్గరికొచ్చి ఖిద్ర్ ఏరతాడా తాతా ఇవన్నీ?"

అమ్మ దీపం ఎలాగూ రిబ్బను చూసి గుర్తుపట్టొచ్చు. మిగతావి ఎవరివైతేనేం? వంగి ఉఫ్ అని ఊదడం, వలలో వేసుకోవడం. పుట్టినరోజు పిల్లాడిలా ఒక్కోదానికీ కన్ను కొడుతూ ఊదాడు. హజ్జీ చేతుల్లో తెడ్లు బరువెక్కినట్టు కదిలాయి.

మంచు దిగింది. ఒడ్డు మీది పాటలు ఎక్కడో గోడ అవతల వినిపిస్తున్నట్టయ్యాయి. మురుగు కంపు ఉన్నట్టుండి పోయింది. దాని బదులు పచ్చిమట్టి వాసన... అప్పుడే తవ్విన మట్టి.

నీళ్ల మీద ఒక్క దీపమే మిగిలింది.

అది దిగువ నుంచి వస్తోంది. ఏటికి ఎదురుగా... తిన్నగా పడవ వైపే. ఖర్జూరపు మట్ట. పచ్చ రిబ్బను.

మట్ట కింద నాలుగు వేళ్లు. నాని ఉబ్బిన వేళ్లు. వాటి పక్కన ఇంకొన్ని. చిన్నవి, ముడతలు పడ్డవి, గోరింటాకు పెట్టుకున్నవి... అన్నీ కలిసి దీపాన్ని జాగ్రత్తగా, అతిథికి టీ పళ్లెం అందించినట్టు, పైకెత్తాయి. సరిగ్గా తైసీర్ నోటి ఎత్తుకి.

"ఇదీ ఊదు..." నీళ్లలోంచి గుసగుస. "సరదాగా."

తైసీర్ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. తన ఊపిరికి తనే ఇంతగా ఎప్పుడూ భయపడలేదు.

"తల తిప్పుకోకు," హజ్జీ గొణిగాడు. "చేతులు అడ్డం పెట్టు. వంతెన దాకా తీసుకుపోదాం."

వాడు అరచేతులు దీపం చుట్టూ పెట్టాడు. పెదాలు బిగించి, ముక్కుతో సన్నగా, దొంగచాటుగా ఊపిరి తీశాడు. వేళ్లు ఒక్కొక్కటే మట్టను వదిలాయి. పడవతో పాటే దీపం కదిలింది. మంచులో వంతెన నల్లగా కనిపించింది.

"ఇంకా వెలుగుతోందిరా నాయనా," ఒడ్డు మీద నుంచి అమ్మ ఏడుస్తూ నవ్వింది.

ఇంకొంచెం. వంతెన నీడ దీపాన్ని తాకబోతోంది.

తెడ్లు ఆగాయి. తైసీర్ తలెత్తాడు. ఎదురుగా కూర్చున్న హజ్జీ వాణ్ణి చూడడం లేదు. వాడి భుజం వెనక్కి చూస్తున్నాడు. వాడి వెనక ఇక పడవ లేదు. ఉన్నది నీళ్లే.

చెవి పక్కన, తడితడిగా, ఎవరో నిండా ఊపిరి పీల్చుకున్నారు...