పార్సిల్లో వచ్చిన గూడు

"కోస్తే తెగాలి గానీ, కాలడమేంటండీ?"

రియాద్‌లో బతా అనే పేటలో, ఓ చిన్న పాలీక్లినిక్‌లో నర్సు అడిగిన మొదటి ప్రశ్న అది. బొబ్బలెక్కిన బొటనవేలు పైకెత్తి పట్టుకుని స్టూలు మీద కూర్చున్న సదానందం గబుక్కున తలెత్తాడు. నొప్పి కన్నా తెలుగు వినబడిన ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"థర్మోకోల్ కత్తితోని కోస్తే పొడి రాలుతది మేడం. అందుకే సన్నటి తీగకు కరెంటు పెడ్తం. అది మస్తు కాలుతది. దాంతోని అక్షరాలు కోస్తే వెన్న లెక్క తెగుతది."

"వేలు కూడా వెన్నే అనుకున్నారా?"

"వేలు అడ్డమొచ్చింది."

"పేరు?"

"సదానందం."

రాస్తున్నదల్లా తలెత్తి అతని మొహం చూసింది. "సదా ఆనందంగా ఉండేవాళ్ళు ఇలా ఉంటారన్నమాట!"

ఆమె పేరు స్వర్ణ, ఊరు పాలకొల్లు. అతనిది కోరుట్ల. ఎవరి ఊళ్ళో వాళ్ళు ఉండి ఉంటే ఈ జన్మలో ఎదురుపడేవాళ్ళు కాదు. రియాద్ వచ్చి, వేలు కాల్చుకుంటే గానీ కుదరలేదు. కట్టు కట్టించుకుని బయటికొచ్చిన సదానందం చెప్పులు క్లినిక్‌లోనే మరిచిపోయి సగం వీధి నడిచాడంటే, అతని పని అయిపోయినట్టే లెక్క.

బొబ్బ వారంలో మానింది. డ్రెస్సింగు మాత్రం మూడు వారాలు సాగింది. నాలుగోసారి వెళ్ళినప్పుడు స్వర్ణ కట్టు విప్పి వేలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏవండీ, పుండెక్కడ?"

"లోపల ఉన్నట్టున్నది మేడం."

"లోపలుంటే డాక్టరుగారికి చూపించుకోండి," అంది. అంటూనే కొత్త కట్టు కట్టి పంపింది.

సదానందం పనిచేసే బోర్డుల షాపులో ఒక పద్ధతి ఉంది. థర్మోకోల్ అక్షరం అంచు చిటికెనవేలు తగిలినా విరుగుతుంది. అందుకని దిమ్మలోంచి కోసిన అక్షరాన్ని మళ్ళీ ఆ దిమ్మలోనే, ఆ ఖాళీలోనే కూర్చోబెట్టి పార్సిల్ కడతారు. ఆ ఖాళీ దిమ్మని వాళ్ళు గూడు అంటారు. కట్టే పని దేవన్నది. వయసులో పెద్దవాడు, కోరుట్ల పక్క ఊరే, సదానందానికి రూమ్మేటు కూడా.

ఒకనాడు పని అయ్యాక, మిగిలిన దిమ్మలోంచి సదానందం తెలుగులో స్వర్ణ అని కోశాడు. కింది ణ వత్తు మూడుసార్లు విరిగింది. నాలుగోసారి ఊపిరి బిగబట్టి కోస్తే నిలిచింది. అక్షరాలు తెచ్చి తన ట్రంకు పెట్టెలో బట్టల మధ్య దాచాడు. గూడు షాపులో బల్ల వెనకే ఉండిపోయింది.

మంగళవారం నాడు స్వర్ణే షాపుకొచ్చింది, చేతిలో ఆర్డరు కాగితంతో.

"నజ్రాన్‌లో మా కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. అరబ్బీలో అక్షరాలు కావాలి, గురువారానికి. శనివారం వాటితోపాటు నేనూ వెళ్తున్నా."

"మల్లెప్పుడొస్తరు?"

"రావడమేంటండీ? బదిలీ."

సదానందం చేతిలో పని పక్కన పెట్టాడు. ఆమె కాగితం బల్ల మీద పెట్టి, కదలకుండా నిలబడింది. "నాతో ఇంకేమన్నా చెప్పాలా?"

"పెయింటు... పచ్చదా, నీలమా?"

"పచ్చ!" అనేసి విసురుగా వెళ్ళిపోయింది.

దేవన్న నెత్తి కొట్టుకున్నాడు. "నోట్లె నాలుక లేదారా నీకు? ఆ పిల్ల అట్ల నిలబడి అడుగుతుంటే పెయింటు ముచ్చట తీస్తవా?"

"ఆమె నర్సు, దేవన్నా. నేను థర్మోకోల్ కోసేటోన్ని. అడిగితే కాదంటది. కాదంటే నేనెట్ల బతకాలె?"

"అడగకుంటే అవునంటదారా?"

నజ్రాన్ అంటే రియాద్ నుంచి తొమ్మిది వందల కిలోమీటర్లు. వేలు కాలిందని అంత దూరం ఎవడు పోతాడు? ఆమెను తన నుంచి తీసుకుపోయే బ్రాంచికి తనే అక్షరాలు కోయాల్సి వచ్చింది పాపం. అయినా ఒక్క అక్షరం అంచు కూడా వంకర పోనివ్వలేదు.

గురువారం పార్సిల్ క్లినిక్‌కి వెళ్ళిపోయాక బల్ల వెనక్కి చూస్తే ఖాళీగా ఉంది.

"దేవన్నా, ఈడున్న గూడేది?"

"గూళ్ళన్నీ కట్టేసిన. అక్షరాలు విరగొద్దని అదొకటి ఎక్కువనే పెట్టిన."

"దాంట్లె ఏమున్నదో చూసినవా?"

"నాకు చదువొస్తదారా?"

సదానందం పరుగందుకున్నాడు. మనీ ఎక్స్ఛేంజి ముందు క్యూని చీల్చుకుని, ఇద్దరు ముగ్గురి చేత తిట్లు తిని, క్లినిక్ తలుపు తోసుకుని లోపలికి పడ్డాడు.

రిసెప్షన్ బల్ల మీద పచ్చ అరబ్బీ అక్షరాలు వరసగా మెరుస్తున్నాయి. ముదీర్, అంటే మేనేజరు, తెల్ల దిమ్మని వెలుతురుకేసి పట్టుకుని చూస్తున్నాడు. ఇదేం భాష అని అరబ్బీలో అడిగాడు. రిసెప్షన్‌లోని ఫిలిప్పీన్స్ అమ్మాయి పువ్వేమో అంది. ల్యాబులోని పాకిస్తానీ, "డిజైన్ హై," అన్నాడు. అది చదవగలిగిన మనిషి ఆ బిల్డింగు మొత్తానికి ఒక్కతే. ఆమె దిమ్మని చూడటం లేదు, గుమ్మంలో రొప్పుతున్న సదానందాన్ని చూస్తోంది.

"అది ప్యాకింగ్, ముదీర్. నేను తీసుకుంటా," అంది స్వర్ణ. గూడు చంకలో పెట్టుకుని బయటికి నడిచింది.

"తప్పైంది మేడం," వెనకే వచ్చాడు సదానందం. "మావోడు చూడక కట్టిండు. కోపం చేయకుండ్రి."

"కోపమే! గూడు పంపించి అక్షరాలు దాచుకుంటారా ఎవరైనా? ఏవి నా అక్షరాలు?"

"రూంల ఉన్నయి. పెట్టెల."

"ఎప్పుడు కోశారు?"

"మీరు మూడో కట్టు కట్టిన నాడు."

"అప్పటికే మానిపోయింది కదండీ వేలు!"

"మానింది. మరి మీరెందుకు కట్టిండ్రు?"

స్వర్ణకి చెవులు ఎర్రబడ్డాయి. "నా సంగతి సరే. ఇప్పుడైనా చెప్తారా? మళ్ళీ పెయింటు రంగు అడిగారంటే ఈ దిమ్మ మీ నెత్తినే విరగ్గొడతా."

"మీరంటే నాకు పానం," అన్నాడు సదానందం. ఒక్కసారి మొదలయ్యాక ఆగలేదు. "మీరు నజ్రాన్ పోతుంటే నాకు అన్నం సయిస్తలేదు. పెండ్లి చేసుకుంటరా?"

స్వర్ణ గూటిలోని తన పేరు అంచుల వెంట వేలు నడిపింది.

"ఇందాకే ఫోటో తీసి అమ్మకి పంపా. నీ పేరు ఇంత ముచ్చటగా ఎవరు రాశారే అంది. రాయలేదమ్మా, వేళ్ళు కాల్చుకుంటూ కోశాడు అన్నా. ఓసారి ఇంటికి తీసుకురా, చూస్తానంది."

"అంటే?"

"అంటే జూన్‌లో సెలవు పెట్టుకోండి. అక్షరాలు నాకిచ్చేయండి, నాతో నజ్రాన్ తీసుకెళ్తా. గూడు మీ దగ్గరుంచండి. వెళ్ళేటప్పుడు రెండూ కలిపి పాలకొల్లు పట్టుకెళ్దాం."

శనివారం అక్షరాలు మెత్తటి చున్నీలో చుట్టుకుని స్వర్ణ వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం రూములో దేవన్న గూడు చేతిలోకి తీసుకున్నాడు. "ఉత్త గూడు ఎందుకురా జాగకు అడ్డం? పారేద్దునా?"

"ఆగు దేవన్నా!" సదానందం లాక్కుని తన మంచం తల దగ్గర నిలబెట్టాడు. "అక్షరాలు నజ్రాన్ పోయినయి. జూన్‌ల వస్తయి."